ఊపునకు చోటు లేనప్పుడు

గోల్ఫ్ ఆటను గూర్చి రేడియోలో ప్రసంగమేమిటని కొందరు శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. మన వీథులలో పిల్లలు ఆడునది క్రికెట్టు. పల్లెలలో ఆడునది చెడుగుడు. గోల్ఫ్ ఆడువారు మనలో కొలదిమందియే. అయినను ఈ ఆట మన దేశమునకు క్రొత్తది కాదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లోనే స్థాపింపబడినది. బ్రిటిషు దీవులకు వెలుపల అంతకంటె పాతదగు గోల్ఫ్ క్లబ్బు లేదు. ఈ ఆటలో ఒక ఘట్టము మాత్రము ఎన్నడును కర్ర పట్టనివారికి సైతము సులభముగా అర్థమగును. బంతి పోయి చెట్టు మొదటనో, గోడ ప్రక్కనో, పొద క్రిందనో ఆగినది. కర్రను ఊపుటకు చోటు లేదు. అయినను ఆడవలెను. అప్పుడేమి చేయవలెనన్నదే నేటి మా ప్రసంగవిషయము.

ముందుగా ఆట స్వరూపమును రెండు మాటలలో చెప్పుదుము. చెట్లు, పచ్చికబయళ్ళు, ఇసుక గుంటలు గల విశాలమగు స్థలమున 18 రంధ్రములు ఉండును. రంధ్రము వ్యాసము నాలుగుంబావు అంగుళములు. బంతి వ్యాసము 1.68 అంగుళములకు తగ్గరాదు. ఆటగాడు 14 కర్రలకు మించకుండ వెంట ఉంచుకొని, వీలయినంత తక్కువ దెబ్బలలో బంతిని రంధ్రమున పడవేయవలెను. రంధ్రము చుట్టును నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అనియు, అచ్చటికి పోవు నడిదారిని ఫెయిర్‌వే అనియు, ఇసుక గుంటను బంకరు అనియు అందురు. కర్రల సంచి మోయుచు సలహా చెప్పు సహాయకుడు కాడీ. ఈ నాలుగు మాటలు తెలిసిన చాలును. తక్కినది దారిలో తెలియును.

ఈ ఆటకు మూలసూత్రమొకటి కలదు. బంతి ఎచ్చట పడినదో అచ్చటనే ఆడవలెను. స్థలమును ఉన్నది ఉన్నట్లుగా స్వీకరింపవలెను. క్రికెట్టులో బంతి బౌండరీ దాటినచో తిరిగి బౌలరు చేతికి వచ్చును. టెన్నిసులో ప్రతి సర్వీసును గీతయొద్దనే మొదలగును. గోల్ఫులో అట్లు కాదు. మన మొదటి తప్పు మనకొరకు చెట్టు క్రింద కాచుకొని ఉండును. మనమే నడచిపోయి దానిని కలిసికొనవలెను.

పదునైదేండ్ల క్రిందట మాకు జరిగిన సంగతి యొకటి చెప్పుదుము. అప్పటికి మేము ఈ ఆట నేర్చి రెండేండ్లయినది. తెలిసినది కొంత, తెలిసినదనుకొన్నది చాల. ఒక ఆదివారమునాడు మా రెండవ దెబ్బ వంకరపోయి బంతి ఒక వేపచెట్టు వేళ్ళ నడుమ ఆగినది. ముందు గ్రీన్ స్పష్టముగా కనబడుచున్నది. దూరము నూటయేబది గజములు. వెంటనున్న కాడీ మాకంటె ఇరువదేండ్లు పెద్ద. ఆయన చెట్టును చూచెను, మమ్ము చూచెను. “వద్దు సార్. పక్కకు తోసెయ్యండి. పోతే ఒక్క దెబ్బేగా” అనెను. మేము నవ్వి సంచినుండి ఇనుప కర్రను తీసి, బలముకొలది ఊపితిమి. కర్ర బంతిని తాకినదో లేదో మాకిప్పటికిని తెలియదు. వేరును మాత్రము తాకినది. బంతి అంగుళము కదలలేదు. మా కుడి మణికట్టు వాచినది.

ఆరు వారములు కట్టుతో తిరిగితిమి. కలము పట్టలేక, చదువవలసిన ప్రసంగములన్నియు మా సహోద్యోగికి చెప్పి వ్రాయించితిమి. మైకు ముందు కాగితములు చప్పుడు కాకుండ ఎడమచేతితో త్రిప్పుట ఎంత కష్టమో ఆ దినములలో తెలిసినది. డాక్టరుగారు కట్టు విప్పుచు, ఎముక విరుగకపోవుట అదృష్టమనిరి. ఒక్క దెబ్బ ఆదా చేయబోయి ఒకటిన్నర నెల పోగొట్టుకొంటిమి. ఈ విషయమును శ్రద్ధగా నేర్చుకొనుట ఆ కట్టులో ఉండగనే మొదలుపెట్టితిమి. కావున నేడు చెప్పునది ప్రవీణుని ఉపదేశము గాదు, దెబ్బతిన్నవాని అనుభవము.

చిక్కులో పడిన బంతివద్దకు పోయినప్పుడు మొదట చూడవలసినది బంతిని కాదు, గమ్యమును కాదు. కర్ర పోవు దారిని. కర్ర వెనుకకు ఎంతదూరము పోగలదు? ముందునకు ఎంతదూరము పోగలదు? పైన కొమ్మ తగులునా? మనము నిలువగలమా, వంగవలెనా? ఈ ప్రశ్నలకు సమాధానము కంటితో చెప్పరాదు, కర్రతోనే కొలువవలెను. కర్రను మెల్లగా వెనుకకు తీసికొనిపోయి, ఆకు తాకకమునుపే ఆపి, మరల బంతివద్దకు తేవలెను. ఇట్లు మూడు నాలుగు మారులు చేసినచో, ఇంతవరకే చోటున్నదని చేతికి బోధపడును.

ఈ కొలుచుటలో నిబంధనలు మరవరాదు. మొలచియున్న చెట్టు కొమ్మను విరుచుటగాని, వంచి కట్టుటగాని, ఊపునకు అడ్డముగా నున్న ఆకులను రాల్చి దారి చేసికొనుటగాని కూడదు. నమూనా ఊపులో ఆకు రాలి దానివలన ఊపునకు చోటు మెరుగుపడినచో రెండు దెబ్బల శిక్ష పడవచ్చును. నిజముగా కొట్టుటకై కర్ర నెత్తినప్పుడు ఆకు రాలి, ఆ దెబ్బను పూర్తిచేసినచో తప్పు లేదు. రాలిపడియున్న ఎండుటాకులు, పుల్లలు, రాళ్ళు తీసివేయవచ్చును; కాని తీయుటలో బంతి కదలినచో ఒక దెబ్బ శిక్ష. ఇక మనుష్యులు నిర్మించిన కదలని వస్తువు, అనగా నీటిగొట్టపు పెట్టెవంటిది, ఊపునకు అడ్డువచ్చినచో సాధారణముగా శిక్ష లేకుండ బంతిని ప్రక్కకు తీసి వేసికొనవచ్చును. సరిహద్దు గోడకును కంచెకును ఈ దయ వర్తింపదు. చెట్టుకు అసలే వర్తింపదు.

ఇప్పుడు ఒక్కొక్క చిక్కును విడివిడిగా చూతము. మేము చెప్పునది కుడిచేతివాటము వారికి. ఎడమచేతివాటమువారు తారుమారు చేసికొనవలెను.

మొదటిది, అడ్డంకి బంతికి వెనుక నుండుట. చెట్టు బోదె గాని గోడ గాని వెనుకనుండి కర్రను పూర్తిగా ఎత్తనీయదు. అప్పుడు పిడిని రెండు మూడు అంగుళములు క్రిందికి పట్టుకొనవలెను. బంతి కుడికాలికి దగ్గరగా ఉండునట్లు నిలిచి, శరీరభారమును ఎడమకాలిపై నుంచవలెను. చేతులు బంతికంటె కొంచెము ముందుండవలెను. మణికట్లు బిగువుగా నుంచి, ఉన్న కొలదిపాటి ఊపుతో బంతిని నొక్కి కొట్టవలెను. అయిదవ, ఆరవ, లేక ఏడవ నంబరు ఇనుప కర్ర ఇందులకు తగినది. బంతి ఎత్తుగా లేవదు. నేలబారుగా పోయి దొరలును. చెట్ల క్రిందనుండి బయటపడుటకు అదియే కావలెను. అడ్డంకి మరికొంత వెనుకగా నున్నచో, మణికట్లను మొదటనే మడచి కర్రను నిట్టనిలువుగా ఎత్తినచో దానిని తప్పించుకొనవచ్చును.

ఇచ్చట అందరును చేయు పొరపాటు ఒకటి కలదు. నమూనా ఊపు చిన్నదిగా, చక్కగా చేయుదురు. తీరా కొట్టునప్పుడు, ఊపు తగ్గినది గదా, బలమైన హెచ్చింతమని తొందరపడుదురు. శరీరము ముందునకు తూలును. కర్ర నేలను తాకును. మా వృత్తిలోను ఇట్టిది కలదు. పది నిమిషముల వ్యవధిలో పదునైదు నిమిషముల వ్యాసమును చదువబోవు వక్త గడగడ చదివి ఒక్క మాటయు వినబడకుండ చేయును. చదువు వేగము పెంచుట మందు కాదు, వ్యాసమును తగ్గించుకొనవలెను. అట్లే ఊపు తగ్గినప్పుడు ఆశను గూడ తగ్గించుకొని, ఊపు వేగమును మాత్రము ఎప్పటివలెనే నిదానముగా ఉంచవలెను.

దీనికి ప్రసిద్ధమగు ఉదాహరణము స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున 1984లో జరిగిన ఓపెన్ పోటీలో కలదు. అచ్చటి ఓల్డ్ కోర్సు పదునేడవ రంధ్రమునకు రోడ్ హోల్ అని పేరు. గ్రీన్ వెనుకనే ఒక రోడ్డు, దాని కావల రాతిగోడ. ఆ రోడ్డు ఆటస్థలములో భాగమే. దానిమీద పడిన బంతిని ఉచితముగా తీసి ప్రక్కన పెట్టుకొనుటకు వీలులేదు. అమెరికా దేశస్థుడగు టామ్ వాట్సన్ అంతకుముందు అయిదుమారులు ఓపెన్ గెలిచినవాడు. ఆరవమారు గెలిచినచో హ్యారీ వార్డన్ నెలకొల్పిన రికార్డుతో సమానుడగును. చివరి దినమున ఆయన ఆ రంధ్రమునకు వచ్చునప్పటికి స్పెయిన్ దేశస్థుడగు సెవె బాలెస్టెరోస్‌తో సమానముగా నున్నాడు. ఆయన రెండవ దెబ్బ గ్రీన్ దాటి, రోడ్డు దాటి, గోడకు అతి సమీపమున ఆగెను. వెనుక గోడ, కర్ర నెత్తుటకు చోటు లేదు. వాట్సన్ పొట్టి ఊపుతో బంతిని పొడిచి గ్రీన్ మీదికి చేర్చెను. ఆ చిక్కులో నుండి అది మెచ్చుకొనదగిన దెబ్బ. కాని బంతి రంధ్రమునకు దూరముగా ఆగుటచే ఆ రంధ్రమునకు అయిదు దెబ్బలు పట్టినవి. అదే సమయమున ముందు పదునెనిమిదవ గ్రీన్ మీద బాలెస్టెరోస్ బర్డీ సాధించెను. 276 దెబ్బలతో బాలెస్టెరోస్ గెలిచెను. వాట్సన్ 278తో నిలిచెను. వాట్సన్‌ను ఓడించినది గోడయొద్ద ఆడిన దెబ్బ కాదు. బంతిని గోడవద్దకు పంపిన దెబ్బ. ఈ భేదమును ఆటగాడు గుర్తుంచుకొనవలెను. చిక్కులో నుండి ఆడు దెబ్బ వెనుకటి తప్పును తుడిచివేయదు. అది మరొక తప్పు కాకుండ చూచును.

రెండవ చిక్కు, అడ్డంకి బంతికి ముందుండుట. బంతిని కొట్టిన పిమ్మట కర్ర చెట్టుకో రాతికో తగులునను భయము. ఇచ్చట ప్రకృతిశాస్త్రము కొంత ధైర్యము చెప్పుచున్నది. కర్ర తలయు బంతియు తాకియుండు కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ పిమ్మట కర్ర ఆగినదో సాగినదో బంతికి తెలియదు. కావున ముందరి ఊపు లేకున్నను దెబ్బ చెడదు. కొట్టి, వెంటనే చేతులను తనవైపు లాగుకొని ఆపవచ్చును. కాని వేగముగా వచ్చు కర్రను ఆపుట మనుష్యసాధ్యము కాదు. ఆపగలిగినంత వేగముతోనే కొట్టవలెను. నమూనా ఊపులో నాలుగుమారులు సుఖముగా ఆపగలిగినచో ఆ దెబ్బ ఆడవచ్చును. ఒక్కమారు ఆపలేకపోయినను ఆ దెబ్బను విడిచిపెట్టవలెను.

వేళ్ళు, బండలు ఉన్నచోట ఈ హెచ్చరిక మరింత అవసరము. మన హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా ప్రాంతమున గోల్ఫ్ ఆటస్థలము కలదు. దక్కను పీఠభూమి యనగా రాయి. పచ్చిక క్రింద రాయి ఎంత లోతున నున్నదో పైకి కనబడదు. ఇంగ్లండులో వ్రాసిన పుస్తకములో మెత్తని నేలకు చెప్పిన దెబ్బను ఇచ్చట అట్లే ఆడరాదు. కర్ర వంగినచో మరియొకటి కొనవచ్చును. మణికట్టు కొనునది కాదు.

మూడవ చిక్కు, మనము నిలువవలసిన చోటనే చెట్టు ఉండుట. బంతి బోదెకు కుడిప్రక్క ఒదిగియున్నది; కుడిచేతివాటముగా నిలుచుటకు వీలులేదు. దీనికి రెండు ఉపాయములు కలవు. ఒకటి, వెడల్పగు ముఖము గల ఎనిమిదవ లేక తొమ్మిదవ నంబరు కర్రను తలక్రిందులుగా త్రిప్పి, దాని ముక్కు నేలవైపు ఉండునట్లు పట్టుకొని, ఎడమచేతివానివలె కొట్టుట. రెండవది, గమ్యమునకు వీపు పెట్టి, బంతి కుడిపాదము ప్రక్కనుండునట్లు నిలిచి, కుడిచేయి ఒక్కదానితో గడియారపు లోలకమువలె కర్రను వెనుకకు ఊపుట. ఈ రెండు దెబ్బలకును బంతి ఇరువది ముప్పది గజములకు మించి పోదు. ఫెయిర్‌వే చేరుటకు అంతకంటె అక్కరలేదు. కర్ర తల ఏ భాగముతోనైనను బంతిని న్యాయముగా కొట్టవచ్చును. త్రోయుటగాని, గరిటతో ఎత్తినట్లు ఎత్తుటగాని కూడదు.

నాలుగవ చిక్కు, పైకొమ్మలు వాలి నిలువనీయకుండుట. అప్పుడు మోకాళ్ళపై కూర్చుండి ఆడవలెను. మోకాళ్ళపై నున్నప్పుడు కర్ర నేలకు చాల అడ్డముగా పోవును, దాని ముక్కు పైకి లేచును. అప్పుడు వాలుముఖము గల కర్రతో కొట్టిన బంతి ఎడమకు పోవును. కావున తక్కువ వాలు గల కర్రను తీసికొని, గమ్యమునకు కొంచెము కుడిగా గురిపెట్టవలెను.

ఈ మోకాళ్ళ దెబ్బకు ఒక వింత చరిత్ర కలదు. 1987లో అమెరికాలోని టారీ పైన్స్ ఆటస్థలమున క్రెయిగ్ స్టాడ్లర్ అను ఆటగాని బంతి పదునాలుగవ రంధ్రమువద్ద ఒక చెట్టు క్రింద చిక్కెను. తడినేలపై మోకాళ్ళూనినచో పంట్లాము మాయునని ఆయన ఒక తువాలు పరచుకొని దానిపై మోకరిల్లి బంతిని బయటకు కొట్టెను. టెలివిజనులో చూచినవారు నిర్వాహకులకు తెలియజేసిరి. తువాలు పరచుట నిలుచుటకు చోటు కట్టుకొనుటయే యని వారు నిర్ణయించిరి. ఆ రెండు దెబ్బల శిక్షను చేర్చకయే లెక్కపత్రముపై సంతకము చేసియుండుటచే ఆయన పోటీనుండి తొలగింపబడెను. ఎనిమిదేండ్ల తరువాత, 1995లో, ఆ చెట్టును కొట్టివేయు సందర్భమున స్టాడ్లర్‌నే పిలిచి రంపము చేతికిచ్చిరి. నియమము తెలియకున్న మంచి దెబ్బయు నిలువదనుటకు ఇది చాలును.

ఇక అయిదవది, గోడకు కొట్టి వెనుకకు రప్పించుకొను దెబ్బ. 2010 ఓపెన్‌లో అదే సెంట్ ఆండ్రూస్ పదునేడవ రంధ్రమువద్ద, అదే గోడప్రక్కన, స్పెయిన్ దేశస్థుడగు మిగెల్ ఆంహెల్ హిమెనెస్ బంతి చిక్కెను. ఆయన గ్రీన్‌వైపు వీపు పెట్టి, బంతిని నేరుగా గోడకేసి కొట్టెను. బంతి గోడను తాకి ఎగిరి వెనుకనున్న గ్రీన్‌వైపు పోయెను. చూచినవారు ముగ్ధులైరి. కాని మన శ్రోతలకు మేము ఈ దెబ్బను సిఫారసు చేయము. 2019లో అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము తిరిగివచ్చిన బంతి ఆటగానికి అనుకోకుండ తగిలినను శిక్ష లేదు. అయినను కంటికి తగులు బంతి నిబంధనలు చదివి రాదు.

సాహసమున కసలు చోటే లేదా యని ఎవరైన అడుగవచ్చును. కలదు. 1981లో ఇంగ్లండులోని ఫుల్‌ఫోర్డ్ ఆటస్థలమున బెర్న్‌హార్డ్ లాంగర్ బంతి చెట్టుకొమ్మల నడుమ చిక్కుకొనగా, ఆయన చెట్టెక్కి అచ్చటనుండియే దానిని గ్రీన్ మీదికి కొట్టెను. 1993లో స్విట్జర్లండులో బాలెస్టెరోస్ బంతి చివరి రంధ్రమువద్ద ఎత్తయిన గోడ ప్రక్కన ఆగినప్పుడు, ప్రక్కకు కొట్టుమని కాడీ ఎంత వేడినను వినక, గోడమీదుగా, కొమ్మల సందునుండి బంతిని పంపి, తరువాతి దెబ్బతో రంధ్రమున వేసెను. 1999లో మెడీనా ఆటస్థలమున పందొమ్మిదేండ్ల సెర్హియో గార్సియా ఓక్ చెట్టు వేళ్ళ నడుమ నున్న బంతిని, కండ్లు మూసికొని, ఆరవ నంబరు కర్రతో కొట్టి గ్రీన్ చేర్చెను. ఆ దెబ్బ ఎటుపోయినదో చూచుటకు ఆయన పరుగెత్తుచు గాలిలోనికి ఎగిరిన దృశ్యమును చూచినవారు మరువలేరు.

అయినను రెండు సంగతులు గమనింపవలెను. ఆ 1993 పోటీలో బాలెస్టెరోస్ ఒక దెబ్బ తేడాతో బారీ లేన్ వెనుకను, 1999 పోటీలో గార్సియా ఒక దెబ్బ తేడాతో టైగర్ వుడ్స్ వెనుకను రెండవ స్థానమున నిలిచిరి. అద్భుతమగు దెబ్బ కీర్తి నిచ్చినది, కప్పు నీయలేదు. మరియు వారు బాల్యమునుండి ప్రతిదినము కర్ర పట్టినవారు. గోడకును కొమ్మకును నడుమనున్న సందు వారికి తలుపువలె కనబడవచ్చును. మనకు అది సూదిబెజ్జము. వేళ్ళ నడుమ కండ్లు మూసికొని కొట్టుటలో గార్సియాను అనుసరించినవాడే పదునైదేండ్ల క్రిందటి ఈ వక్త.

ఇక లెక్క చూతము. నాలుగు దెబ్బల రంధ్రమున మొదటి దెబ్బ చెట్లలో పడినదనుకొందము. రెండవ దెబ్బతో ప్రక్కకు ఫెయిర్‌వేకు చేర్చి, మూడవ దెబ్బతో గ్రీన్ చేరి, రెండు దెబ్బలలో రంధ్రమున వేసినచో అయిదు. నష్టము ఒక్కటి. ఆశపడి కొట్టిన రెండవ దెబ్బ బోదెకు తగిలి మరింత లోనికి పోయి, మూడవది అచ్చటనే తిరిగి, నాలుగవది బయటపడినచో, అయిదవదానితో గ్రీన్ చేరి, ఏడుతో ముగియును. అదియు అదృష్టము బాగున్నచో.

అసలు కొట్టుటకే వీలులేనప్పుడు నిబంధనలే దారి చూపుచున్నవి. ఈ బంతి ఆడరానిదని నిర్ణయించుకొను హక్కు ఆటగానిదే, మరియొకరిని అడుగనక్కరలేదు. ఒక దెబ్బ శిక్ష చేర్చుకొని మూడు మార్గములలో ఒకటి ఎన్నుకొనవచ్చును. వెనుకటి దెబ్బ ఆడిన చోటికే తిరిగిపోయి ఆడవచ్చును. లేదా, రంధ్రమును బంతియున్న చోటును కలుపు గీతపై, బంతిని రంధ్రమునకును తనకును నడుమ నుంచుకొని, కావలసినంత వెనుకకు పోయి ఆడవచ్చును. లేదా, బంతి ఉన్నచోటినుండి రెండు కర్రల పొడవులోపల, రంధ్రమునకు మరింత దగ్గర కాకుండ, బంతిని జారవిడిచి ఆడవచ్చును. చాలమంది ఈ హక్కును అవమానముగా తలతురు. అది అవమానము కాదు. ఆటను రూపొందించినవారు మన మణికట్లను గూర్చి ఆలోచించి పెట్టిన ఏర్పాటు.

మన దేశములోనే ఇందుకు తగిన పాఠశాల కలదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులోని లోధీ ఆటస్థలము ఇరుకగు దారులకును, ఇరువైపుల దట్టమగు పొదలకును ప్రసిద్ధము. బంతి పొదలో పడినచో ఊపునకు చోటు వెదకుటయే కష్టము. అచ్చట 2008లో ఇండియన్ మాస్టర్సును, 2016లో ఇండియన్ ఓపెన్‌ను గెలిచినవాడు ఎస్. ఎస్. పి. చౌరాసియా. ఆయన తండ్రి రాయల్ కలకత్తాలో గ్రీన్‌లను సంరక్షించు ఉద్యోగి. కుమారుడు ఆట నేర్చినది ఆ పచ్చికపైననే. ఆయన పేరుపొందినది బంతిని దూరముగా కొట్టుటలో కాదు; గ్రీన్ దగ్గరి చిన్న దెబ్బలలో. అదే ఢిల్లీ క్లబ్బులో కాడీగా జీవితము ప్రారంభించిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడు. సంచి మోసినవారికి పొద ఎంత లోతో తెలియును. ఇతరుల పొరపాట్లను వేలకొలది చూచినవారు గదా!

ఈ దెబ్బలను నేర్చుకొనుటకు పోటీదినమువరకు ఆగనక్కరలేదు. అభ్యాసమునకు పోయినప్పుడు పది బంతులు పూర్తి ఊపుతో కొట్టినవారు, రెండు బంతులైనను మోకాలి ఎత్తు ఊపుతో కొట్టవలెను. రెండు ఎడమచేతివాటముగా కొట్టవలెను. రెండు వీపు త్రిప్పి కొట్టవలెను. ఆ దెబ్బతో బంతి ఎన్ని గజములు పోవునో అడుగులతో కొలుచుకొనవలెను. చిక్కులో పడిననాడు ఆ లెక్క చేతికి వచ్చును. మొదటిమారు ప్రయత్నించుటకు తగిన స్థలము వేపచెట్టు మొదలు కాదు.

ఆ వేపచెట్టు సంగతితోనే ముగింతుము. రెండేండ్ల తరువాత మరల ఒక ఆదివారమునాడు మా బంతి అదే చెట్టువైపు పోయినది. ఈమారు వేళ్ళలో పడలేదు. బోదెకు కుడిప్రక్కన ఆగినది. కాడీ ఆయనయే. ఆయన ఈమారు ఏమియు అనలేదు. సంచి దించి నిలుచుండెను. మేము కర్రను వెనుకకు తీసి కొలిచితిమి. గ్రీన్‌వైపు పంపుటకు చోటు లేదు. తొమ్మిదవ నంబరు కర్రను తలక్రిందులుగా పట్టుకొని, ఎడమచేతివానివలె, మెల్లగా కొట్టితిమి. బంతి పదునెనిమిది గజములు దొరలి ఎండలో ఆగినది. వెంటనున్న మిత్రుడు పకపక నవ్వెను. కాడీ సంచి భుజమున వేసికొని, “రండి సార్, బంతి అక్కడుంది” అని ముందునకు నడిచెను. ఆ రంధ్రము మేము అయిదు దెబ్బలలో ముగించితిమి. మరునాడు ఉదయము మా ప్రసంగమును మా చేతితోనే వ్రాసికొంటిమి.